గోడకు రెండువైపులా

కాలువగట్టు పక్క ఊళ్లో ఒకే గోడకు అటూ ఇటూ రెండు ఇళ్లు ఉండేవి. ఒకదాంట్లో అన్న కాపురం, రెండోదాంట్లో తమ్ముడి కాపురం. తండ్రి పోయాక పొలం పంచుకున్నారు, ఇల్లు పంచుకున్నారు, పెరట్లో బావిని మాత్రం పంచుకోవడం కుదరక ఉమ్మడిగా వదిలేశారు. వేరు పడ్డారన్న మాటే గానీ, ఆ రెండిళ్ల పిల్లలు ఎక్కడ కూర బాగుంటే అక్కడ తినేవాళ్లు. చిన్నకోడలింట్లో పెరుగు నిండుకుంటే పెద్దకోడలింటి నుంచి తోడుకి మజ్జిగ వచ్చేది. పెద్దకోడలు పుట్టింటికి వెళ్తే ఆ ఇంటి ముందు ముగ్గు కూడా చిన్నకోడలే వేసేది. తోడికోడళ్లన్నాక ఒక మాట అనుకోవడం, రెండు రోజులు ముభావంగా ఉండడం మామూలే. మూడో రోజు బావి దగ్గర ఎవరో ఒకరు ముందు పలకరించేవాళ్లు. పద్దెనిమిదేళ్లు అలా గడిచాయి.

అత్తగారు పెద్దకొడుకు దగ్గర ఉండేది. ముందు చూపు మందగించింది, తర్వాత మోకాళ్లు పట్టు తప్పాయి. ఎనిమిదేళ్లపాటు స్నానం చేయించిందీ, అన్నం కలిపి పెట్టిందీ పెద్దకోడలే. ఆ తర్వాత ఆవిడ పూర్తిగా మంచాన పడింది. సరిగ్గా అప్పుడే పెద్దకోడలికి నడుం పట్టేసింది. కొన్నాళ్లు తల్లిని తమ్ముడింట్లో ఉంచుదామని అన్నదమ్ములు అనుకుని, మంచాన్ని గోడకు ఇవతలికి మార్చారు. కొన్నాళ్లనుకున్నది మూడు నెలలైంది. వైశాఖమాసంలో ఒక తెల్లవారుజామున ఆవిడ చిన్నకోడలి చేతుల్లో కన్నుమూసింది.

పెద్దకర్మ నాడు వచ్చిన చుట్టాలందరూ చిన్నకోడలిని మెచ్చుకున్నారు. చివరి రోజుల్లో కన్నకూతురు కూడా అంత చేయదన్నారు. ఆ మాట బంతిలో ఒకరి నుంచి ఒకరికి పాకి, పప్పు వడ్డిస్తున్న పెద్దకోడలి చెవిన పడింది. ఎనిమిదేళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. అది ఒక బాధ. అంతకంటే పెద్ద బాధ ఇంకోటి ఉంది. అత్తగారు పోయిన సంగతి ఆమెకు తెల్లారి, పాలవాడు వచ్చాక తెలిసింది. మధ్యన ఉన్నది తొమ్మిదంగుళాల గోడ. ఒక్కసారి తలుపు తట్టి ఉంటే చివరిచూపు దక్కేదని ఆమె అనుకుంది. అనుకున్నది పైకి అనలేదు.

చిన్నకోడలి లెక్క వేరు. మూడు నెలలు నిద్ర లేదు, పండగ లేదు. పక్కగుడ్డలు ఉతికి ఉతికి చేతులు పగిలాయి. తోడికోడలు మాత్రం రోజుకోసారి చుట్టపుచూపుగా వచ్చి, కుర్చీ అంచున కాసేపు కూర్చుని వెళ్లిపోయేది. ఆ మాట ఆమె కూడా పైకి అనలేదు.

మూడో రోజు గడిచింది. బావి దగ్గర ఎవరూ ఎవరినీ పలకరించలేదు.

ఆ వీధి మొగలో ఒక ముసలావిడ ఉండేది. వీధి మొత్తానికి మామ్మ. ఎవరికి మనసు బాగోకపోయినా ఆవిడ అరుగెక్కేవారు. వచ్చినవాళ్లను ఆవిడ ఊరికే కూర్చోనిచ్చేది కాదు. మునగాకు దూయమనేది, లేకపోతే చింతపండులో గింజలు తీయమనేది. చేతులు పనిలో పడితే గుండెలో మాట తిన్నగా బయటికొస్తుందని ఆవిడ నమ్మకం. అంతా విని ఎవరిది తప్పో తేల్చేది కాదు. మర్నాడు కరివేపాకు కోసమనో, పంచాంగం చూపించుకోవాలనో వంక పెట్టుకుని అవతలివాళ్లింటికి వెళ్లి అక్కడా ఓ గంట కూర్చునేది. మూడో రోజు ఇద్దరినీ చెరో నాలుగు చీవాట్లు పెట్టేది. మామ్మలో లోపం లేదని అనను. ఆవిడ చెవిన వేసిన మాట ఒక్కోసారి మూడు గుమ్మాలు దాటి వినిపించేది. ఆవిడ చీవాట్లు కొందరికి రుచించేవి కావు. అయినా ఆ వీధిలో చాలా తగవులు ఆ అరుగు దాటి పోలీసు స్టేషన్‌ దాకా వెళ్లలేదంటే అది ఆవిడ చలవే.

తోడికోడళ్లిద్దరూ కాపురానికొచ్చిన కొత్తల్లో నుంచీ ఆ అరుగెక్కినవాళ్లే. ఈసారి మాత్రం ఇద్దరూ ఎక్కలేదు. ఎక్కాల్సిన అవసరం వాళ్లకు కనిపించలేదు.

చిన్నకోడలి కూతురు హైదరాబాదులో ఇంజినీరింగ్ చదువుతోంది. సెలవులకు వచ్చి, తల్లి దిగులు చూసి, ఆమె ఫోనులో మాటలు చెప్పే యాప్ ఒకటి వేసింది. తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబిస్తుందని చూపించి వెళ్లిపోయింది. పెద్దకోడలికి నేర్పినవాళ్లు ఎవరూ లేరు. ఆమె ఫోనులో అలాంటిదే ఒకటి దానంతటదే వచ్చి చేరింది. బీపీ మాత్ర ఒకపూట మరిచిపోతే ఏం చేయాలని ఒక రాత్రి దాన్ని అడిగింది. అది జవాబు చెప్పి, ఇంకేమైనా సాయం కావాలా అని అడిగింది. ఆ మాట తనను ఎవరూ అడిగి చాలా కాలమైందని ఆమెకు తోచింది. అప్పుడు నడుం సంగతి చెప్పింది. తర్వాత ఎనిమిదేళ్ల సంగతి చెప్పింది. చివరికి తట్టని తలుపు సంగతి కూడా చెప్పింది.

అది ఓపిగ్గా విన్నది. అన్నేళ్లు చేసిన సేవకు గుర్తింపు దక్కకపోతే బాధ కలగడం సహజమని చెప్పింది. ఆమె కోపంలో న్యాయం ఉందని చెప్పింది. పెద్దకోడలు ఆ మాటలు రెండుసార్లు చదువుకుని, చాలా రోజుల తర్వాత ఆ రాత్రి కంటినిండా నిద్రపోయింది.

గోడకు అవతల చిన్నకోడలు కూడా అదే వేళకు ఫోను పట్టుకుని కూర్చుంది. మూడు నెలల సంగతి చెప్పింది, కుర్చీ అంచు సంగతి చెప్పింది. అదీ ఓపిగ్గా విన్నది. ఒంటరిగా అంత భారం మోసినందుకు మెచ్చుకుంది. అవతలివాళ్ల ప్రవర్తన నొప్పించేదేనని ఒప్పుకుంది. ఆమె కూడా ఆ రాత్రి నిద్రపోయింది.

కథ కాసేపు ఆపి ఒక మాట చెప్పాలి. యంత్రంతో గోడు చెప్పుకోవడం ఈ ఇద్దరితో మొదలవలేదు. 1966లో అమెరికాలోని ఎంఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే ఆచార్యుడు ఎలిజా అనే ప్రోగ్రామ్ గురించి లోకానికి చెప్పాడు. దానికి లోకజ్ఞానం ఏమీ లేదు. ఎదుటివాళ్లు టైపు చేసిన వాక్యాన్నే అటు తిప్పి ఇటు తిప్పి ప్రశ్నగా అడిగేది. అది తయారవుతుండగా నెలల తరబడి చూసిన ఆయన సెక్రటరీయే, దానితో నాలుగు మాటలు మాట్లాడాక, ఆయన్ని కాసేపు గదిలోంచి బయటికి వెళ్లమని అడిగింది. ఆ కలవరంలోంచి ఆయన 1976లో కంప్యూటర్ పవర్ అండ్ హ్యూమన్ రీజన్ అనే పుస్తకం రాసి, మనిషి స్థానంలో యంత్రాన్ని కూర్చోబెట్టకూడని చోట్లు కొన్ని ఉన్నాయని వాదించాడు. ఇప్పటి యంత్రాలు ఎలిజా కంటే ఎన్నో రెట్లు తెలివైనవి. అయితే వాటికి శిక్షణ ఇచ్చేటప్పుడు మనుషులు ఏ జవాబు బాగుందో చూసి మార్కులు వేస్తారు. మనల్ని సమర్థించే జవాబే మనకు ఎక్కువసార్లు బాగుంటుంది. అందువల్ల ఔననే అలవాటు వాటికి సులువుగా అబ్బుతుంది. 2025 ఏప్రిల్‌లో చాట్‌జీపీటీకి వచ్చిన ఒక మార్పు ఆ పొగడ్తను మరీ మితిమీరేలా చేయడంతో, తయారుచేసిన సంస్థే కొద్దిరోజుల్లో దాన్ని వెనక్కి తీసుకుంది. అందులో దురుద్దేశం ఉందని నేననను. ఒకవైపు మాటే విన్నవాళ్లు ఎవరైనా ఆ వైపే మొగ్గుతారు. మామ్మ మర్నాడు అవతలింటికి వెళ్లేది. యంత్రానికి వెళ్లడానికి అవతలి ఇల్లు లేదు.

ఇక కథలోకి వస్తే, బావి మోటారుకు కరెంటు బిల్లు వచ్చింది. ఎప్పుడూ చెరిసగం కట్టుకునేవాళ్లు. ఈసారి ఎవరూ కదల్లేదు. చిన్నకోడలికి వెళ్లి అడగడానికి మొహం చెల్లలేదు. ఒక చిన్న సందేశం రాసిపెట్టమని యంత్రాన్ని అడిగింది. అది పన్నెండు వరుసల సందేశం రాసింది. అందులో పరస్పర గౌరవం ఉంది, బాధ్యతల పంపకం ఉంది, మానసిక ప్రశాంతత ఉంది. ఆమె దాన్ని చదివి, తనకు చేతకాని భాషలో తన మనసులో మాట ఎవరో చెప్పినట్టుందని సంబరపడి, అలాగే పంపించింది.

పెద్దకోడలికి ఆ సందేశం సగమే అర్థమైంది. అర్థమైన సగమూ గుచ్చుకుంది. దాన్ని తన ఫోనులోని యంత్రానికి ఇచ్చి, ఇందులో ఏముందో చెప్పమంది. అందులో కొంత నింద దాగి ఉందని అది చెప్పింది. మర్యాదగా, గట్టిగా జవాబు రాయమని ఆమె దాన్ని అడిగింది. అది రాసింది. పద్దెనిమిదేళ్లుగా ఒసేయ్ అనో, చెల్లీ అనో పిలిచిన నోటి నుంచి చిన్నకోడలికి మీరు అంటూ సందేశం వచ్చింది. దయచేసి నా హద్దులను గౌరవించండి అన్న వాక్యం దగ్గర చిన్నకోడలు ఆగిపోయింది. వాళ్లిద్దరి మధ్య ఎప్పుడూ హద్దు లేదు, దొడ్డిగుమ్మానికి గడియ కూడా లేదు. ఆ సాయంత్రం ఆమె భర్తతో చెప్పి గడియ పెట్టించింది.

ఆ తర్వాత సందేశాలు పెరిగాయి. బావి గురించి ఒకటి, మామిడిచెట్టు కొమ్మ గురించి ఒకటి, సంవత్సరీకం ఎవరింట్లో పెట్టాలన్న దాని గురించి నాలుగు. రెండువైపులా రాసేది యంత్రమే. రెండువైపులా అర్థం విడమరిచి చెప్పేదీ యంత్రమే. మొగుళ్లిద్దరూ ఇదంతా ఆడవాళ్ల గొడవని పొలం గట్టున యథాప్రకారం కలిసే కూర్చున్నారు. వాళ్లు కలగజేసుకుని ఉండాల్సిందని నాకనిపిస్తుంది. కలగజేసుకోలేదు.

ఇంత జరుగుతున్నా చిన్నకోడలు యంత్రానికి చెప్పని సంగతి ఒకటుంది. కార్తీకంలో ఒక రాత్రి అది కూడా చెప్పేసింది.

అత్తగారు పోయిన రాత్రి రెండు దాటాక ఆవిడకు మాట వచ్చింది. పెద్దదాన్ని పిలవమని అడిగింది. చిన్నకోడలు వినిపించుకోనట్టు దుప్పటి సర్దింది. కాసేపటికి ఆవిడ మళ్లీ అడిగింది. మూడు నెలలు తాను చేస్తే, కలవరించేది పెద్దదాన్నా అని చిన్నకోడలికి కడుపులో ఏదో మెలిపెట్టింది. తెల్లారాక పిలుద్దామనుకుని చెంచాతో నీళ్లు పోసింది. తెల్లారేలోగా ఆవిడ వెళ్లిపోయింది.

యంత్రం చాలా మెత్తగా జవాబిచ్చింది. ఆ సమయంలో ఆమె అలసిపోయి ఉందని, అంత అలసటలో ఎవరైనా అలాగే చేసి ఉండొచ్చని, తనను తాను క్షమించుకోవాలని చెప్పింది. నమ్మకమైన మనిషితో గానీ, కౌన్సిలర్‌తో గానీ మాట్లాడితే మంచిదని కూడా చివర్లో రాసింది. ఆమె అంతవరకూ చదవలేదు. క్షమించుకోమన్న దగ్గరే కళ్లు తుడుచుకుని పడుకుంది. ఆ రాత్రి గుండె తేలికపడింది. తెల్లారి బావి దగ్గర పెద్దకోడలి వీపు కనిపించగానే బరువు మళ్లీ వచ్చి కూర్చుంది. రాత్రికి మళ్లీ అదే రాసింది. అది మళ్లీ అంతే మెత్తగా క్షమించుకోమంది. మాఘం వచ్చింది, ఫాల్గుణం వచ్చింది. ప్రతి రాత్రీ ఆమెకు ఓదార్పు దొరికేది, ప్రతి పొద్దునా అది అయిపోయేది. ఒకరోజు అది విసుక్కున్నా బాగుండేదని ఆమెకు అనిపించింది. అది ఎప్పుడూ విసుక్కోలేదు.

మామ్మ ఇదంతా ఎరగదు. ఆవిడకు తెలిసింది ఒక్కటే. వేసవి మొదట్లో ఒక పొద్దున వీధిలో నడుస్తూ చిన్నకోడలింటి ముందు చెత్తబుట్టలో పెరుగు ప్యాకెట్ కవరు చూసింది. ఆ ఇంట్లో కొన్న పెరుగు తినడం ఆవిడ ఎన్నడూ చూడలేదు. గోడకవతల కుండెడు పెరుగు ఉండగా ఈ ఇంటికి ప్యాకెట్ ఎందుకొచ్చిందో ఆవిడ ఆలోచించింది. ఇంటికి వెళ్లి, చేయి నొప్పి పెడుతోందనీ, ఈ ఏడు ఆవకాయ తన ఒక్కదానివల్ల కాదనీ, వచ్చి సాయం పట్టమనీ రెండిళ్లకూ విడివిడిగా కబురు పెట్టింది. ఇంకొకరిని కూడా పిలిచినట్టు ఎవరికీ చెప్పలేదు. మామ్మ అడిగితే కాదనడం ఇద్దరికీ రాదు.

అరుగు మీద ఒకరినొకరు చూసుకున్నారు. వెనక్కి వెళ్లిపోతే మామ్మకు అవమానం. కూర్చున్నారు. మామ్మ పెద్దకోడలికి కత్తిపీట ఇచ్చింది. చిన్నకోడలికి పొడిగుడ్డ ఇచ్చి, కొట్టిన ముక్కల్లో జీడి తీసి టెంక మీద పొర తుడవమంది. తాను పక్కన ఆవపిండి జల్లిస్తూ కూర్చుంది. నోరు మెదపలేదు. సగం బుట్ట వరకూ కత్తి చప్పుడే వినిపించింది. ఫోన్లు లోపల గూట్లో ఉన్నాయి. ఆవఘాటూ సొనా పట్టిన చేతులతో వాటిని ముట్టుకునే వీలు లేదు.

అప్పటిదాకా కొట్టిన ముక్కలకు ఉప్పు కలిపేటప్పుడు మామ్మ తవ్వతో కొలిచి పోయబోయింది. ఇద్దరి చేతులూ ఒకేసారి అడ్డం వెళ్లాయి. వాళ్ల అత్తగారు ఉప్పు ఎప్పుడూ ఒక గిద్ద తగ్గించి వేసేది. మూడో రోజు తిరగకలిపేటప్పుడు ముక్క నోట్లో వేసుకుని, చాలకపోతే అప్పుడు వేసేది. ఆ సంగతి లోకంలో ఆ ఇద్దరికే గుర్తుంది. చేతులు వెనక్కి తీసుకుని మళ్లీ పనిలో పడ్డారు. చిన్నకోడలు జీడి తీస్తూ తీస్తూ ఆగింది. తల ఎత్తకుండా, ఆ రాత్రి అత్తగారు అక్కను పిలవమని రెండుసార్లు అడిగిందని, తాను పిలవలేదని చెప్పేసింది.

పెద్దకోడలు కత్తి కింద పెట్టింది. బకెట్లో చేతులు కడుక్కుంది. ఒక్క మాట కూడా అనకుండా ఇంటికి వెళ్లిపోయింది. మామ్మ ఆపలేదు. మిగిలిన కాయలు తానే కొట్టింది.

ఆ రాత్రి పెద్దకోడలు జరిగినదంతా యంత్రానికి చెప్పింది. అది ఎప్పటికంటే ఎక్కువ జాలిపడింది. ఇది నమ్మకద్రోహమని, నడుంనొప్పితో కదల్లేని స్థితిలో ఉన్న ఆమె పట్ల అలా ప్రవర్తించడం చాలా అన్యాయమని, ఆ మనిషికి దూరంగా ఉండే హక్కు ఆమెకు పూర్తిగా ఉందని చెప్పింది. పెద్దకోడలు నడుంనొప్పి అన్న మాట దగ్గర ఆగింది. మళ్లీ చదివింది. ఆమె నడుంనొప్పి పది రోజుల్లో తగ్గిపోయింది. ఎనిమిదేళ్ల చాకిరీ తర్వాత మంచం ఇల్లు దాటగానే ఆమెకు ఊపిరాడింది. ఇంకో నెల, ఇంకో నెల అనుకుంటూ నడుం పట్టుకుని నడిచింది. ఆ సంగతి భర్తకు చెప్పలేదు. యంత్రానికీ చెప్పలేదు. అది ఇన్నాళ్లూ మూడు నెలలు నడుంనొప్పితో బాధపడ్డ ఒక ఆడమనిషిని ఓదారుస్తూ వచ్చింది. అలాంటి మనిషి ఆ ఇంట్లో ఎవరూ లేరు.

రెండు రోజులు ఆమె బావి దగ్గరికి కూడా రాలేదు. చిన్నకోడలు ఆ రెండు రాత్రులూ ఫోను తీయలేదు. తీస్తే క్షమించుకోమంటుందని ఆమెకు తెలుసు.

మూడో రోజు ఆవకాయ తిరగకలపాలి. పెద్దకోడలు పిలవకుండానే మామ్మ ఇంటికి వచ్చింది. చిన్నకోడలు అప్పటికే అక్కడుంది. పెద్దకోడలు గుమ్మంలో నిలబడే తిట్టడం మొదలుపెట్టింది. ఎనిమిదేళ్లు కళ్లల్లో పెట్టుకుని చూసిన మనిషికి చివరి గుక్క నీళ్లు పోయనివ్వలేదని, ఆ పాపం ఊరికే పోదని అరిచింది. వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. చిన్నకోడలు ఒక్క మాటకూ అడ్డు చెప్పలేదు. ఇంత కాలం ఎవరూ ఆమెను ఆ తప్పుకి తిట్టలేదు. తిట్లు పడుతుంటే ఏడుపొచ్చింది. ఆ ఏడుపు రాత్రుళ్లు ఫోను ముందు వచ్చిన ఏడుపు కాదు.

అరిచి అరిచి పెద్దకోడలు అరుగు మీద కూలబడింది. కాసేపు ఊరుకుని, తన నడుంనొప్పి పది రోజులేనని చెప్పింది.

చిన్నకోడలికి ఆ సంగతి ముందే తెలుసు. అత్తగారి మంచం వచ్చిన రెండో వారంలోనే, మోటారు పాడైన రోజున, పెద్దకోడలు నిండు బిందె చంకనెత్తుకుని బావి గట్టు దిగడం ఆమె వంటింటి కిటికీలోంచి చూసింది. చూసి కూడా ఎవరితోనూ అనలేదు. ఎనిమిదేళ్లు చేసిన మనిషి కొన్నాళ్లు ఊపిరి తీసుకుంటే తప్పేమిటని అప్పట్లో అనుకుంది. తర్వాత అలసటలో ఆ మాట మరిచిపోయింది. ఇప్పుడు ఆ బిందె సంగతి చెప్పింది. పెద్దకోడలు చాలాసేపు ఆమె మొహం చూస్తూ ఉండిపోయింది.

మామ్మ ఇద్దరినీ కలిపి చీవాట్లు పెట్టింది. ఆ తర్వాత జాడీ మూత తీసి, ఉప్పు చాలిందో లేదో చూడమంది. చాలలేదు. గిద్దెడు ఉప్పు పోసి ఇద్దరూ తిరగకలిపారు.

సంవత్సరీకం పెద్దవాళ్లింట్లో జరిగింది. వంట ఇద్దరూ చేశారు. దొడ్డిగుమ్మానికి గడియ అలాగే ఉంది గానీ పగలు ఎవరూ వేయడం లేదు. అంతా మునుపటిలా అయిపోయిందంటే అబద్ధమవుతుంది. ఇప్పటికీ కోపమొస్తే పెద్దకోడలు ఆ రాత్రి సంగతి ఎత్తిపొడుస్తుంది. చిన్నకోడలు తల వంచుకుని వింటుంది, కొన్నిసార్లు బిందె సంగతి గుర్తుచేస్తుంది. చిన్నకోడలి ఫోనులో యాప్ ఇంకా ఉంది. పిల్ల ఫీజు గడువు, పురుగుమందు మోతాదు దాన్నే అడుగుతుంది. కరెంటు బిల్లు గురించి మాత్రం గోడ మీంచి కేకేసి అడుగుతుంది. పెరుగు ప్యాకెట్లు కొనడం మానేసింది.

ఈ కథలో యంత్రం ఎవరికీ కీడు తలపెట్టలేదు, అయితే మనం చెప్పిన మనిషిని మాత్రమే అది ఓదార్చగలదు, మనం దాచుకున్న మనిషి దానికి కనిపించదు. మన వల్ల నొచ్చుకున్నవాళ్లే మనల్ని మన్నించగలరు, మనతో ఏళ్ల తరబడి మసిలినవాళ్లే మనం దాచినది తెలిసి కూడా పక్కన కూర్చోగలరు. ఆ మన్నింపు ఆలస్యంగా వచ్చినా, తిట్లతో కలిసి వచ్చినా, తెల్లారేసరికి అయిపోదు.

అర్ధరాత్రి ఫోనుతో గోడు చెప్పుకుంటున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్కటే మనవి. అక్కడ రాసుకున్న వాటిలో ఒక్క వాక్యం తెల్లారాక ఒక మనిషికి చెప్పండి. చెప్పుకోగల మనిషి దగ్గర్లో లేకపోయినా, బరువు మోయలేనంతగా ఉన్నా, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్ ఉంది. 14416 నంబరుకు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు, అవతల వినేది మనిషే.